నా ప్లేటులో చచ్చి, అక్క ఒంట్లో బతికిన పురుగు

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందే ఒక మాట. నేను చెప్పేవాటిలో సగం నమ్మితే చాలని మా ఆవిడ అంటుంది. ఆ సగం ఏదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

సూరత్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేశాను. సూక్ష్మజీవులను పెంచడం, ఏ మందుకు చస్తాయో చూడడం, డాక్టర్లకు చెప్పడం, ఇదీ నా ఉద్యోగం. ఆ ఆసుపత్రివాళ్లు పరీక్షలన్నిటినీ పెద్ద యంత్రాలున్న ఇంకోచోటికి పంపడం మొదలుపెట్టాక, తల పూర్తిగా నెరవకముందే ఇంటికొచ్చేశాను. ఇప్పుడు అమ్రోలిలో మా సొసైటీ గేటు దగ్గరున్న సిమెంటు బల్లే నా ఆఫీసు. మూత తీయకుండా వాసన పట్టి పురుగు పేరు చెప్పేవాడిననీ, నేను తుమ్మితే పక్కగదిలోని ప్లేట్ల మీద మొలకలొచ్చేవనీ అక్కడ కూర్చుని చెబుతుంటాను. కోతలే. కానీ ఒక ప్లేటు మీద పురుగులు గుజరాత్ పటం ఆకారంలో పెరిగాయని చెప్పేది మాత్రం నిజం. కచ్ఛ్ ఎడారితో సహా!

ఆ పటం సంగతి మా డాక్టరమ్మ చెవిన పడింది. అప్పటినుంచి నా రిపోర్టు చదివే ముందు ఆమె నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసేది. వరాఛాలో వజ్రాలు సానపట్టే ఇంట్లో పుట్టిన మనిషి. రాయిలో మచ్చ వెతికే చూపు పుట్టుకతోనే వచ్చింది. మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, వెటకారానికి ఏ భాషయినా ఒకటే కాబట్టి.

ఇక అక్క గురించి. అమ్రోలిలో మరమగ్గాల సందులో ఒక మెస్సు ఉంది. దాన్ని నడిపేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క. ఊరంతా పప్పులో బెల్లం వేస్తారు, ఆ ఒక్క గదిలో వేయరు. అది చాలు, మగ్గాల మీద పనిచేసే మనవాళ్లంతా అక్కడికే చేరడానికి. నా పెళ్లికి ముందు నేనూ ఆమె చేతి పచ్చిపులుసుతోనే బతికాను. పెళ్లయ్యాక కూడా వారంలో ఒకపూట అటు వెళ్లేవాణ్ని. మా ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

ఆ అక్కకు జ్వరం వచ్చింది. వణికించే చలిజ్వరం, నడుముకు ఒక పక్కన నొప్పి. మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. మూత్రం పరీక్ష నా చేతికి వచ్చింది. ప్లేటు నిండా పురుగును పూసి, దాని మీద మందు అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే ఆ బిళ్ల చుట్టూ పురుగు పెరగదు, తేటగా గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. అక్క ప్లేటు మీద సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల చుట్టూ ఎంత చక్కటి ఖాళీ వచ్చిందంటే, పున్నమి చంద్రుడనుకోండి. ఈ రోజుల్లో ఆ మందుకు లొంగే పురుగు దొరకడమే అపురూపం. అదృష్టవంతురాలు అక్క అనుకున్నాను. అదే రిపోర్టు రాశాను. డాక్టరమ్మ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్రలు రాసిచ్చింది.

జ్వరం దిగలేదు. దిగకపోగా ఎక్కింది. స్కానింగు తీశారు. రాయి లేదు, చీము గడ్డ లేదు. డాక్టరమ్మ నన్ను పిలిచింది.

"మాస్టర్, నీ ప్లేటు ఏమంటోంది? ఈ మందుకు చస్తుంది అంటోంది. రోగి ఏమంటోంది? వణుకుతున్నాను అంటోంది. ఇద్దరిలో ఎవరిది అబద్ధం?"

"ప్లేటుకు నోరు లేదు మేడమ్."

"నీకుంది కదా. నా భయం అదే."

నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. కిడ్నీలోని విషం రక్తంలోకి పాకితే మనిషి దక్కడం కష్టమని చెప్పింది. ఆసుపత్రిలో చేర్చి, చివరి ఆయుధంగా దాచుకునే ఇంజెక్షన్లు మొదలుపెడతానంది. అక్క ఒప్పుకోలేదు. "దవాఖానల పంటే పొయ్యి ఎవరు ముట్టిస్తరు?" అంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. ఊళ్లో ఉన్న అక్క తమ్ముడు, సూరత్ నీళ్లు పడలేదని తీర్మానించి, ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి రైలెక్కేశాడు. మరునాడు సాయంత్రానికి దిగుతాడు. ఆ జ్వరంతో అంత దూరం రైలు ప్రయాణం, దారిలో డాక్టరు లేడు, మందు పనిచేయడం లేదు. ఆ మనిషి ఊరు చేరుతుందన్న నమ్మకం డాక్టరమ్మకు లేదు. నాకూ లేదు.

ఇదంతా తెలియడానికి ముందే, జ్వరం దిగడం లేదన్న మాట వినగానే నేను పరీక్ష మళ్లీ పెట్టాను. ప్లేట్లలో పోసే జావలాంటి మేతను వండేది మా ల్యాబులో ఒక గుజరాతీ బెన్, ఇక్కడ ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. రుచి చూడడం ఒక్కటే తక్కువ, అంత శ్రద్ధగా వండేది. "కొత్తగా కలిపి ఇవ్వు బెన్, పాతది వద్దు" అన్నాను.

"ఈసారి మహారాష్ట్ర పటం వేయిస్తావా భాయ్? గుజరాత్ అయిపోయింది కదా."

"అక్క ప్రాణం బెన్."

బెన్ వెంటనే లేచింది. తన చీర కొంగుతో బల్ల తుడిచింది, అది నియమాలకు విరుద్ధమని తెలిసీ నేను ఊరుకున్నాను. కొత్త బిళ్లలు, కొత్త మేత, పక్కనే సరిచూసుకోవడానికి మాకు బాగా తెలిసిన పురుగుతో ఇంకో ప్లేటు. మర్నాడు, అంటే డాక్టరమ్మ నన్ను పిలిచిన రోజే, మూత ఎత్తితే అదే చంద్రుడు. ఒక్క మచ్చ లేదు. అక్క ఒంట్లో చావని పురుగు నా ప్లేటులో హాయిగా చస్తోంది!

ఆసుపత్రిలో చేరడానికి డాక్టరమ్మ అక్కకు రేపటి దాకా గడువిచ్చింది. సాయంత్రం డ్యూటీ దిగి, తాపీ నది వంతెన దాటి, నేరుగా మెస్సుకు వెళ్లాను. ఏదో కనిపెడదామని కాదు. అక్కను చూద్దామని.

సరిగ్గా షిఫ్టు మారే వేళ. మగ్గాల పనిలో ఒక పద్ధతుంది. షిఫ్టు మారినా మగ్గం ఆగదు. దిగేవాడు నడుస్తున్న మగ్గాన్ని ఎక్కేవాడికి అప్పజెప్పి ఒక ముక్క చెప్పిపోతాడు. ఆ గోలలో రెండో ముక్క వినిపించదు. ముందువాడు పెట్టినదాన్ని తరువాతివాడు కదపడు, కదిపితే మగ్గం ఆగినప్పుడు మాట పడాలి. మనవాళ్లు అక్క జ్వరాన్ని కూడా అచ్చం అలాగే నడుపుతున్నారు. పొద్దున దిగినవాళ్లది పొద్దుటి మాత్ర, సాయంత్రం దిగినవాళ్లది సాయంత్రం మాత్ర.

ఆ సాయంత్రం వంతు కాకాది. మెస్సులో అందరికీ ఆయన కాకాయే. బీము, అంటే పడుగు దారం చుట్టిన పెద్ద కడ్డీ, అయిపోయినప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా అతికే పని ఆయనది. మాట తక్కువ. తొలిరోజుల్లో కామెర్లతో పడిపోతే అక్క లేపి నిలబెట్టిందట. అప్పటినుంచి ఆ గడప వదలలేదు. ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో పెద్ద గ్లాసు. ముందు పీట మీద గులాబీరంగు మందు సీసా, ఒక డబ్బా, ఒక చెంచా.

"ఏంది కాకా, ఇదంతా?"

"మందు."

"మందంటే గోలీ ఒక్కటే గదా?"

"గోలీ వేడి చేస్తది సారూ. ఉత్తగ ఏస్తే కడుపు కాలుతది. అందుకే పాలతోని ఇస్తున్న. తబేలకు పోయి నేనే తెస్త, నీళ్లు కలువని బర్రె పాలు. సగమయ్యేదాక కాగబెట్టిన."

"మరి ఈ సీసా?"

"అది రాత్రి షిఫ్టోళ్లది. కడుపుల మంటన్నదట అక్క. గ్యాస్ మందు."

"ఈ డబ్బా?"

"క్యాల్షియం గోలీలు. నడుము నొప్పన్నది గదా, ఎముకలకు బలమని మన పిల్లలు తెచ్చిండ్రు."

"ఎప్పుడెప్పుడు ఇస్తున్నరు ఇవన్ని?"

"ఎప్పుడేంది? అన్నీ ఒక్కసారే. డ్యూటీ దిగి వచ్చినప్పుడె గదా తీరిక."

మంచం మీద నుంచి అక్క గొంతు వచ్చింది, దుప్పట్లోంచి, సన్నగా. "తమ్మీ, వీళ్లు నా కడుపును కిరాణ దుకాణం చేసిండ్రు. వద్దంటే మొకాలు ముడుస్తున్నరు. ఇగ తాగుతున్న."

నేను కాకా చేయి పట్టుకుని గ్లాసు కింద పెట్టించాను. ప్లేటుకూ మనిషికీ మధ్య ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇంట్లో ప్రేమించేవాళ్లుంటారు. అది రాసే చోటు నా రిపోర్టులో లేదు.

డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాను. 

"ఇది కూడా పటంలాంటిదేనా?"

"ఒట్టు మేడమ్."

"నీ ఒట్టు నాకొద్దు. రోగిని తీసుకురా. ఆ సామాను కూడా తీసుకురా."

అక్కను ఆటోలో పడుకోబెట్టి, వెనకాల ఇంకో ఆటోలో కాకానూ మరో నలుగురినీ ఎక్కించి వంతెన దాటి ఆసుపత్రికి కదిలాం. తలల నిండా దూది నూగుతో, ఒకరి చేతిలో పాల క్యాను, ఒకరి చేతిలో సీసా, ఒకరి చేతిలో డబ్బా పట్టుకుని వాళ్లు డాక్టరమ్మ గదిలో వరసగా నిలబడ్డారు. పెళ్లికి కానుకలు తెచ్చిన మగపెళ్లివారిలా ఉన్నారు. ఆమె ఒక్కొక్కటీ తీసి చూసింది. మూత తీసి పాలు వాసన కూడా చూసింది.

"ఇవన్నీ మాత్రతో కలిపి? మొదటిరోజు నుంచీ?"

తలలు ఊపారు. ఆమె నన్ను చూసింది. ఈసారి పైనుంచి కిందికి కాదు.

"అన్నం తిన్నాక వేసుకోమన్నాను. దేనితో వేసుకోకూడదో చెప్పలేదు" అంది మెల్లగా. తరువాత మామూలు గొంతుతో, "అదే మందు ఒక బాటిల్ నరంలోకి ఎక్కిస్తాను. కడుపుతో పని లేదు, నేరుగా రక్తంలోకి పోతుంది. రేపటినుంచి మాత్ర ఉత్త నీళ్లతో. పాలు, గ్యాస్ మందు, క్యాల్షియం ఆ దరిదాపుల్లోకి రాకూడదు. రేపు సాయంత్రానికి జ్వరం దిగాలి. దిగకపోతే అడ్మిట్ చేస్తాను, ఎవరి మాటా వినను. నీ ప్లేటు మాట కూడా."

బాటిల్ ఎక్కుతుంటే మేము వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. కాకా అడిగాడు. "సారూ, గా గోలీ అసలు చేసేదేంది? పాలు దాన్ని ఏం చేసినయి?"

నేను చాలామందికి చాలా చెప్పాను గాని, ఇంత బుద్ధిగా ఎవరూ అడగలేదు. కాకా జేబులో ఎప్పుడూ ఉండే దారపు ముక్కల్లోంచి రెండు పోగులు మెలేసిన ముక్క ఒకటి తీయించాను.

"ఒక కొస నువ్వు గట్టిగ పట్టు కాకా. పురుగు ఒంట్ల గిట్లాంటి దారమే ఒకటుంటది. దాని ఒంటికన్న వందల రెట్లు పొడుగు. మెలేసి, మడిచి, లోపల కుక్కుకుంటది. పురుగు రెండు కావాలంటే ఈ దారానికి నకలు తీయాలె. నకలు తీయాలంటే రెండు పోగులు ఇడదీయాలె. ఇగో, ఇడదీస్తున్న చూడు."

నా వైపు పోగులు విడిపోతున్నకొద్దీ కాకా వైపు పురి బిగిసింది. ఇంకా లాగితే దారం తన మీదికి తానే మెలిక పడింది.

"ఆగు, ఆగు! గంటు పడ్తది" అన్నాడు కాకా.

"పడితే నువ్వేం జేస్తవ్?"

"ఏం జేస్త? కోసి, పురి సడలిచ్చి, మల్ల అతుకుత."

"పురుగుల గూడ గా పనికి ఒకటుంటది. గైరేజ్ అంటరు. బిగిసిన తావుల దారాన్ని కోస్తది, ఆ సందుల నుంచి ఇంకో పాయను దాటిస్తది, బిగువు తగ్గినంక మల్ల అతుకుతది. ఎంత పనిమంతురాలంటే, అతికేదాక కోసిన రెండు కొసలను చేతిల నుంచి ఇడువదు."

"అరె, మన కాకా లెక్క!" అన్నాడు ఒకడు.

"ఈ గోలీ పోయి సరిగ్గ కోసినంక, ఇంక అతకక ముందు, గా చెయ్యి పట్టి ఆపుతది. కోసిన కొసలు కోసినట్టె ఉంటయి. దారం తునకలైతది. పురుగు చస్తది."

అందరూ హాయిగా ఊపిరి తీసుకున్నారు, కాకా తప్ప.

"పాపం" అన్నాడు.

"ఎవరు కాకా, పాపం?"

"గా అతికేటోడు. పని నడిమిట్ల ఉన్నోని చెయ్యి పట్టుకుంటిరి."

బెంచీ మొత్తం నవ్వింది. అటు వెళ్తున్న నర్సు కసిరింది. కాకా నవ్వలేదు. "మరి మన ఒంట్ల గసొంటోడు లేడా? మన దారం గూడ తెగుతది గదా?"

"ఉన్నడు. వాని చేతి తీరు వేరే. ఈ గోలీకి అంత సులువుగ చిక్కడు."

"మరి పాలు?"

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "గోలీకి గైరేజ్‌ను పట్టుకునే చెయ్యి ఒకటుంటది గదా. పాలల్ల క్యాల్షియం ఉంటది. అది కడుపులనే గోలీ చెయ్యి పట్టేస్తది. గ్యాస్ మందుల ఉండేటివి ఇంకా గట్టిగ పట్టేస్తయి. ఇగ గోలీ పేగు దాటుడెక్కడిది, పురుగు దాక పోవుడెక్కడిది?"

కాకా తన రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. బాటిల్ అయిపోయాక అక్కను మళ్లీ ఆటోలో మెస్సుకు చేర్చాం.

మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ మెస్సులో ఆగాను. మాత్ర ఒక పళ్లెంలో ఉంది. చుట్టూ మనుషులు. ఎవరూ ముట్టుకోవడం లేదు. "నువ్వియ్యరా" అంటే "నువ్వియ్యి" అంటున్నారు. పాలు తెచ్చిన చేతులన్నీ వెనక్కి పోయాయి. కాకా గుమ్మం బయట నిలబడ్డాడు, చెప్పులు విప్పకుండా.

అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. రాత్రి ఎక్కించిన మందుకు కొంచెం కళ్లు తెరిచింది గాని ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది. "ఏందిరా, గోలీనా పామా? గట్ల జరుగుతున్నరు. కాకా! లోపలికి రా. నువ్వియ్యి."

"నాతోని కాదక్కా. ఇన్ని దినాలు నేనిచ్చుడుతోనే గదా..."

"ఇన్ని దినాలు నువ్వే ఇచ్చినవ్. నాకు జరమొచ్చినా, నీకు కామెర్లయినా, పెట్టిన చెయ్యే పెట్టాలె. సగం బీము అతికి ఇంకొకనికి ఇడిసి పోతవా నువ్వు?"

"పోను."

"మరి?"

చెప్పులు విప్పాడు. గ్లాసు రెండుసార్లు కడిగాడు, పాల జిడ్డు ఉండకూడదని వేళ్లతో రుద్ది చూశాడు. కుండలో నీళ్లు ముంచి తెచ్చి మాత్ర ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె మింగింది. ఆయన అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ పూట కాకా డ్యూటీకి పోలేదు. ఆయన బదులు ఎవరో నిలబడ్డారట, ఎవరన్నది ఇప్పటికీ చెప్పరు.

ల్యాబులో నాకు ఏ పనీ సాగలేదు. బెన్ రెండుసార్లు టీ తెచ్చింది, మూడోసారి ఫోను నా ముందుకు తోసింది. "చేసుకో భాయ్, లేకపోతే ఆ ప్లేట్లు పగలగొడతావు." చేస్తే అవతల ఎవరో ఎత్తారు. "సారూ, చెమట పడ్తుంది. అక్క తుడుసుకుంట తిడుతుంది."

"ఏమని తిడుతుంది?"

"వంకాయలు మేం పెద్దగ కోసినమని."

సాయంత్రం నేను చేరేసరికి తమ్ముడు స్టేషన్ నుంచి వచ్చేశాడు. సంచీ చంకలోనే ఉంది. దారిపొడవునా ఏడవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, అక్క నుదుటి మీద చేయి పెట్టాడు, తీశాడు, తన నుదురు చూసుకున్నాడు, మళ్లీ పెట్టాడు.

"జరమేది అక్కా?"

"పోయింది. నువ్వు వస్తున్నవని భయపడ్డది. కాళ్లు కడుక్కో, అన్నం తిందువు."

ఆయన అన్నం కలుపుకుంటూ ఏడ్చాడు. సిద్ధపడ్డది వృథా కాకూడదు కదా. రెండు రోజులుండి ఒక్కడే వెళ్లాడు.

డాక్టరమ్మ మా ల్యాబు గుమ్మం దాకా వచ్చింది, అంతకుముందెన్నడూ రానిది. "నీ ప్లేటుకు నా తరఫున సారీ చెప్పు. నీకు కాదు, ప్లేటుకు." జ్వరం పోగానే మాత్రలు మానేసే అలవాటు మనవాళ్లకు ఉంది కాబట్టి, మిగిలిన మాత్రలన్నీ వేయించే పూచీ కూడా నా మీద పెట్టింది. నాకు ఆ కష్టం లేకుండా పోయింది. కాకా ఉన్నాడు. మీరు మాత్రం ఇది చదివి ఈ మందు కోసం దుకాణానికి పరుగెత్తకండి. డాక్టరు రాయనిదే ముట్టుకునే మాత్ర కాదది.

మాత్రలన్నీ అయిపోయాక ఆఖరి పరీక్ష కోసం అక్క మూత్రం సీసా తీసుకుని కాకానే వచ్చాడు. ఫలితం వచ్చే రోజున కూడా వచ్చాడు, లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడి. బెన్ ఆయన్ను పిలిచి స్టూలు వేసింది. నేను మూత అంటించి ఉన్న ప్లేటును తీసి ఆయన చేతికిచ్చాను.

"తెరువకు కాకా. పైనుంచే చూడు."

మగ్గం దిగిన తాకాను, అంటే గుడ్డ చుట్టను, పంపేముందు విప్పి వెలుతురుకు పట్టి చూస్తారు, ఎక్కడైనా పోగు తెగిందా, మచ్చ పడిందా అని. కాకా ఆ ప్లేటును కిటికీ వైపు ఎత్తి అలాగే చూశాడు. ఒక కన్ను మూశాడు. మెల్లగా తిప్పాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎక్కడా ఒక్క చుక్క మొలవలేదు.

"ఏం లేదు గదా సారూ?"

"ఏం లేదు."

ఇంకోసారి తిప్పాడు. అప్పుడు రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.

"తాకా పాస్" అన్నాడు.